గ్రూపు ఎంచుకునేది ఎవరు?

పదో తరగతి పరీక్షలు పూర్తికాకముందే జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. పిల్లవాడికి ప్రీ ఫైనల్‌లో ఎన్ని మార్కులొచ్చాయి, తండ్రి ఏం చేస్తాడు, పొలం ఎంతుంది, పెదనాన్న కొడుకు ఎక్కడ చేరాడు, అన్నీ వాళ్లకు ముందే తెలుసు. ఇప్పుడు అడ్వాన్సు కడితే కన్సెషన్ ఇంత, ఫలితాలొచ్చాక అయితే అది ఉండదు. బేరం పెద్దవాళ్ల మధ్య నడుస్తుంది. పిల్లవాడి దాకా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎంపీసీయా, బైపీసీయా? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో చాలా ఇళ్లకు అందే కెరీర్ గైడెన్స్ ఇదే.

విద్యార్థి తన చదువు గురించీ, చేయబోయే పని గురించీ తానే ఆలోచించుకుని దారి వేసుకునేలా పెద్దలు ఎలా సాయపడాలన్న ప్రశ్న కొత్తదేం కాదు. కమిషన్లు రాశాయి, పరిశోధకులు కొలిచారు, ప్రభుత్వాలు పోర్టళ్లు పెట్టాయి, చివరికి సుప్రీంకోర్టు కూడా మాట్లాడింది. అవన్నీ చదివాక నాకు తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. సీటు అమ్మేవాడు సలహాదారుగా ఉండకూడదు. సలహా ఇచ్చేవాడు పిల్లవాడి బదులు నిర్ణయం తీసుకోకూడదు. మనవైపు ఈ రెండూ జరుగుతున్నాయి.

అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ 1908లో ఒక వృత్తి సలహా కేంద్రం తెరిచాడు. కుర్రవాడు ముందు తనను తాను తెలుసుకోవాలి, తర్వాత పనుల లోకాన్ని తెలుసుకోవాలి, ఆపైన ఈ రెంటికీ పొత్తు కుదురుతుందో లేదో తర్కించుకోవాలి అన్నాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆయన పుస్తకం సారాంశం అంతే. ఆ తర్వాత వచ్చిన సిద్ధాంతాలు ఎన్నో మెరుగులు దిద్దాయి గానీ ఈ మూడు మెట్లను ఎవరూ తీసేయలేదు. మన దేశంలో 1952–53 నాటి ముదలియార్ కమిషన్ హైస్కూళ్లలో మార్గదర్శనం ఉండాలంది. 1954లో కేంద్రం అందుకోసమే ఒక బ్యూరో పెట్టింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఇంకాస్త ముందుకు వెళ్లి, మార్గదర్శనం ప్రాథమిక పాఠశాలలోనే మొదలవ్వాలనీ, కనీసం పది హైస్కూళ్లకు ఒక సలహాదారు తిరుగుతూ ఉండాలనీ రాసింది. అరవై ఏళ్లయింది. మన మండలాల్లో పది హైస్కూళ్లకు తిరిగే మనిషి ఉన్నాడు. కాకపోతే అతణ్ని పంపేది ప్రైవేటు కాలేజీ.

తెనాలివాళ్లకు ఈ విషయం మీద ఒక పాత సాక్ష్యం ఉంది. కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో పుట్టారు. భౌతికశాస్త్రం చదివారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరి, ప్రపంచ ఆర్థిక మాంద్యం దెబ్బకు మధ్యలో మానేశారు. గుమాస్తాగా, మాస్టరుగా, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’లో పనిచేశారు. ఆ పత్రికను పెట్టిన చక్రపాణిదీ తెనాలే. ‘చదువు’ అన్న పేరుతోనే నవల రాసిన ఆ మనిషి జీవితాన్ని ఏ కౌన్సెలరైనా పదహారో ఏట గీసి ఇవ్వగలిగేవాడా? గీయలేడు. ప్రణాళిక ఎందుకు మారుతూ ఉండాలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనబడలేదు. మాంద్యం వచ్చి ఒక దారి మూసుకుపోతే రెండోది వెతుక్కోగల తెలివి ఆయనకు ఉంది. అందరికీ అది పుట్టుకతో రాదు, కొంత నేర్పాలి.

ఇక పరిశోధనలు. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే సభల్లో చెప్పేదానికీ కొలిచి తేల్చినదానికీ చాలా తేడా ఉంది. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త డొమినికన్ రిపబ్లిక్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయిలను అడిగి చూశాడు. చదువుకుంటే జీతం ఎంత పెరుగుతుందో వాళ్లు నిజానికన్నా బాగా తక్కువ అంచనా వేసుకున్నారు. కొన్ని బళ్లలో అసలు లెక్క చెప్పారు. ఆ పిల్లలు తర్వాతి నాలుగేళ్లలో మిగతావాళ్లకన్నా కొద్ది నెలలు ఎక్కువ చదివారు. 2010లో అచ్చయిన ఈ ఫలితాన్ని అందరూ ఉటంకిస్తారు. మరీ నిరుపేద ఇళ్ల పిల్లల్లో ఆ మార్పు దాదాపు కనబడలేదన్న సంగతిని మాత్రం చాలామంది వదిలేస్తారు. డబ్బు లేని ఇంట్లో సమాచారం ఒక్కటే పెద్దగా పనిచేయదు. అదే జెన్సెన్ ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల పల్లెల్లో ఇంకో ప్రయోగం చేశాడు. కాల్ సెంటర్ల వంటి ఉద్యోగాలకు అమ్మాయిలను తీసుకునే రిక్రూటర్లను మూడేళ్లపాటు ఊళ్లకు పంపించాడు. అక్కడ ఫలితం గట్టిగా వచ్చింది: యువతులు పనిలో చేరారు, పెళ్లిళ్లు వెనక్కి జరిగాయి, చిన్న ఆడపిల్లల చదువు మీద కూడా శ్రద్ధ పెరిగింది. ఉద్యోగం ఊరికి నడిచొచ్చి కనబడ్డప్పుడు తల్లిదండ్రుల మనసు మారింది.

మనవాళ్లకు ఆశలు తక్కువ అన్న మాట కూడా నిలబడదు. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేలమంది పిల్లల వెంట నడిచిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఈ మూడు ఊళ్లూ ఉన్న అప్పటి గుంటూరు జిల్లాను తీసుకోలేదు గానీ, అది చూసిన జిల్లాల్లో పేద ఇళ్లు సైతం పిల్లలను కాలేజీ దాకా చదివించాలనే కోరుకున్నాయి. కొరవడింది ఆ కోరికకూ వచ్చే ఏడాదికీ మధ్య మెట్లు. పైగా ఆ కోరికలన్నీ రెండు మూడు పేర్ల దగ్గరే ఆగిపోతాయి. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. ఓఈసీడీ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 41 దేశాల్లో పదిహేనేళ్ల అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం ముప్ఫయ్యో ఏటికి పది రకాల ఉద్యోగాల్లో ఏదో ఒకటి చేస్తామని చెప్పారు. లోకంలో ఉన్న పనులు పదేనా?

లక్ష్యాల మీద లాక్, లేథమ్ అనే మనస్తత్వవేత్తల సిద్ధాంతాన్ని మన మోటివేషన్ వక్తలు బాగా వాడుకుంటారు: లక్ష్యం స్పష్టంగా, కాస్త కష్టంగా ఉంటే మనిషి ఎక్కువ సాధిస్తాడు. నిజమే. కానీ అదే లేథమ్ తర్వాతి పరిశోధనల్లో తేలినది వేదికల మీద వినబడదు. కొత్తగా, క్లిష్టంగా ఉన్న పనిలో ఉన్నవాడికి ఫలితాన్ని లక్ష్యంగా పెడితే తడబడతాడు. ఫలానాది నేర్చుకోవాలి అన్న లక్ష్యం అతనికి ఎక్కువ ఉపయోగం. మన హాస్టళ్ల గోడల మీద రాసేది ర్యాంకు. ర్యాంకు విద్యార్థి చేతిలో ఉన్నది కాదు, అది ఇంకో లక్షమంది ఎలా రాశారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ‘ఈ నెలాఖరుకు విద్యుత్తు చాప్టర్లో లెక్కలు ఎవరి సాయం లేకుండా చేస్తాను’ అన్నది అతని చేతిలో ఉన్న లక్ష్యం. గాబ్రియేల్ ఓటింగెన్ ప్రయోగాలు ఇంకో ముక్క చెబుతాయి. గెలిచినట్టు ఊహించుకుని ఆనందించేవాళ్లు ఆ తర్వాత శ్రమ తగ్గిస్తారు. కోరిక పక్కనే అడ్డంకిని కూడా రాసుకుని, అది ఎదురైతే ఏం చేస్తానో ముందే అనుకున్నవాళ్లు మెరుగ్గా చేస్తారు. కళ్లు మూసుకుని తెల్లకోటు వేసుకున్నట్టు ఊహించుకోమనే సక్సెస్ మీట్లను ఆపేసినా నష్టం లేదు.

ఈ వెలుగులో మూడు ఊళ్లనూ చూద్దాం.

తెనాలికి సదుపాయాలకు లోటు లేదు. జంక్షన్ ఊరు. వీఎస్ఆర్ అండ్ ఎన్వీఆర్ కాలేజీ ఉంది, ఆడపిల్లలకు జేఎంజే ఉంది. గుంటూరు, విజయవాడ రెండూ గంట దూరం. ఆ దగ్గరితనమే చిక్కు కూడా. ఊళ్లో బాగా చదివే పిల్లలందరినీ ఆ రెండు నగరాల హాస్టళ్లు లాగేస్తాయి. ఊళ్లో డిగ్రీలో చేరడమంటే సీటు రానివాడి గతి అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. గుంటూరు దారిలో వడ్లమూడి చూడండి. అక్కడ విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది, 1977లో పుట్టిన సంగం డెయిరీ ఉంది. ఆ చుట్టుపక్కల హైస్కూలు పిల్లవాడికి మొదటిది తెలుసు. రెండోదానిలో పాల నాణ్యత పరీక్షించే కెమిస్టు, శీతలీకరణ యంత్రాలు చూసే డిప్లొమా మనిషి, లెక్కలు చూసే కామర్స్ పట్టభద్రుడు ఉంటారని ఎవరూ చెప్పరు. తెనాలి నిమ్మకాయల మార్కెట్, దుగ్గిరాల పసుపు యార్డు, అక్కడి కోల్డ్ స్టోరేజీలు కూడా అంతే. పిల్లలు రోజూ వాటి ముందునుంచే బస్సెక్కుతారు. సీఈసీ తీసుకున్నవాడు మందబుద్ధి అన్న భావన ఈ ప్రాంతంలో పోలేదు. వ్యాపారంతో బతికే ఊళ్లో కామర్స్‌కు గౌరవం లేకపోవడం ఒక వింత.

బాపట్లది ఇంకా పెద్ద వింత. 1945లో ఇక్కడ వ్యవసాయ కళాశాల మొదలైంది. ఆ ప్రాంగణం చుట్టూ వ్యవసాయ ఇంజనీరింగ్, ఆహార సాంకేతిక కళాశాలలు పెరిగాయి. దేశమంతా తినే సాంబ మసూరి బియ్యం బీపీటీ 5204 ఇక్కడి నుంచే 1986లో విడుదలైంది. ఆ మొదటి మూడక్షరాలూ బాపట్లవే. 1981 నాటి ఇంజనీరింగ్ కాలేజీ రాష్ట్రంలోని తొలితరం ప్రైవేటు కాలేజీల్లో ఒకటి. ఇంత ఉన్నా, బైపీసీ తీసుకున్న పిల్లవాడికి ఇంట్లో చెప్పేది ఎంబీబీఎస్ ఒక్కటే. అగ్రికల్చర్ బీఎస్సీ అంటే నీట్ రానప్పుడు చూద్దాంలే అన్న జాబితాలో ఉంటుంది. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైన, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఈ రెండంకెలూ బైపీసీ ఫారం నింపే రోజునే బల్ల మీద ఉండాలి. అవి లేకపోబట్టే ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్, దాని తర్వాత ఇంకో ఏడాది లాంగ్ టర్మ్. రెండేళ్లు పోయాక ఇరవయ్యో ఏట అగ్రికల్చర్ గుర్తొస్తుంది. నీట్ రాయొద్దని అనడం లేదు. ఎన్నిసార్లు రాయాలి, ఎక్కడ ఆపాలి అన్నది మొదటిసారి రాయకముందే ఇంట్లో కూర్చుని అనుకోవాలి. ఆపడానికి ముందే గడువు పెట్టుకోని ప్రణాళికను ప్రణాళిక అనలేం.

పదో తరగతి తర్వాతే అగ్రికల్చర్ డిప్లొమాలో చేరి, అగ్రిసెట్ రాసి బీఎస్సీకి వెళ్లే దారి ఒకటుంది. పల్లెటూరి బడుల్లో చదివిన పిల్లలకు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రవేశాల్లో వెసులుబాటు ఉంది, రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. పదో తరగతి మార్కుల మీదే చేర్చుకునే ట్రిపుల్ ఐటీలు 2008 నుంచి ఉన్నాయి, నూజివీడు మనకు దగ్గర. పాలిటెక్నిక్‌లకు పాలిసెట్ ఉంది. ఒకేషనల్ ఇంటర్ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు రాసి డిగ్రీకి మళ్లే వీలుంది. లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ కావాలనే పిల్లల కోసం ఇంటర్ బోర్డు 2025–26 నుంచి ఎంబైపీసీకి కూడా తలుపు తెరిచింది. ఇవన్నీ పీఆర్వో సంచిలో ఉండవు, ఎందుకంటే వీటిలో దేనివల్లా అతనికి అడ్మిషన్ పడదు.

రేపల్లె సంగతి వేరు. 1916లో తెనాలి నుంచి వేసిన రైలు పట్టాలు ఇక్కడ ఆగిపోతాయి. ఏబీఆర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. అవతల నిజాంపట్నం హార్బరు, ఉప్పునీటి చెరువులు, వేట మీద బతికే కుటుంబాలు. ఇక్కడ తల్లిదండ్రులను అడగాల్సిన మొదటి ప్రశ్న గ్రూపు గురించి కాదు. అమ్మాయి పొద్దున ఏ రైలుకు వెళ్తుంది, చీకటి పడేలోగా తిరిగి రాగలదా అన్నది. బండి గంట లేటైతే ఆ రోజుకే కాదు, కొన్ని ఇళ్లలో ఆ ఏడాదికే చదువు ఆగుతుంది. ఆడపిల్లల ప్రణాళికలో హాస్టల్ సీటు, బస్ పాసు, రైలు వేళలు మొదటి పేజీలో ఉండాలి. అవి తేలకుండా ‘నీకు ఏమవ్వాలనుంది’ అని అడగడం పెద్దమనిషి తరహా ప్రశ్న. వేట కుటుంబాల పిల్లలకు ఇంకో సంగతి చెప్పాలి. పెనుమూడి వంతెన దాటి నాగాయలంక వైపు వెళ్తే భావదేవరపల్లిలో మత్స్య పాలిటెక్నిక్ ఉంది. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. చెరువు నీటిని పరీక్షించే ల్యాబులు, హేచరీలు, మేత కంపెనీలు ఈ తీరంలోనే మనుషుల కోసం చూస్తున్నాయి. తండ్రికి పడవ మీద ముప్ఫై ఏళ్లలో వచ్చిన జ్ఞానానికి కొడుకు సర్టిఫికెట్ తోడు చేసుకోగలిగిన చోటు ఇది. అలాగని మత్స్యకారుడి కొడుకు చేపల చదువే చదవాలని కాదు సుమా. ఆ దారి తెలిసి వద్దనుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి లక్షల ఇళ్లకు ఇంజనీరింగ్ గడప దాటించింది. అదే అండతో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందల దాకా మొలిచాయి, అడ్మిషన్ల వేట కూడా అప్పుడే ముదిరింది. కేంద్రం 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ పెట్టింది. రాష్ట్రం యునిసెఫ్ సాయంతో హైస్కూలు పిల్లలకోసం కెరీర్ పోర్టల్ తెచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం పిల్లల్ని కౌన్సెలర్లకు దగ్గర చేస్తామంది. పోర్టళ్లతో తంటా ఏమిటంటే, ఏం వెతకాలో ముందే తెలిసినవాడికే అవి పనికొస్తాయి. తెలియనివాడికి పక్కన కూర్చునే మనిషి కావాలి.

ఆ మనిషి ఎవరో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో 2025 జులై 25న ఇచ్చిన తీర్పు దేశమంతటికీ మార్గదర్శకాలు పెట్టింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం వీలైనంతవరకు మానాలి. విద్యార్థులకూ తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ జరగాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2001 నాటి నీరదారెడ్డి కమిటీ నుంచీ కార్పొరేట్ కాలేజీల గురించి ఇలాంటి సిఫార్సులు వింటూనే ఉన్నాం. ఈసారి మాట్లాడింది కోర్టు, అంతే తేడా. అయితే అందులో ఒక ప్రమాదం కూడా ఉంది. కాలేజీ జీతమిచ్చే కౌన్సెలర్ ‘నువ్వు ఇక్కడ మానేసి పాలిటెక్నిక్‌లో చేరు’ అని చెప్పగలడా? కాలేజీ సొమ్ముతో వచ్చిన సలహా ఎటు మొగ్గుతుందో ఊహించడానికి చదువక్కర్లేదు. అందుకే కౌన్సెలర్ హైస్కూలు దశలో ఉండాలి, ప్రభుత్వ జీతం మీద ఉండాలి. మండలానికి ఒకరున్నా కొఠారీ లెక్కకు దగ్గరవుతాం.

బయటి దేశాల్లో చూడదగ్గవి రెండు. ఫిన్లండ్‌లో ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఈ మార్గదర్శనం టైంటేబుల్లో పాఠంగానే ఉంటుంది, మూడేళ్లలో 76 గంటలు. జపాన్ 2020 నుంచి ‘కెరీర్ పాస్‌పోర్ట్’ అమలు చేస్తోంది: ప్రాథమిక పాఠశాల నుంచి హైస్కూలు చివరిదాకా పిల్లవాడు తన ఇష్టాలు, చేసిన పనులు, మారిన ఆలోచనలు తానే రాసుకుంటూ తరగతి నుంచి తరగతికి మోసుకెళ్లే ఫైలు అది. మొదటిదానికి ఉద్యోగాలు కావాలి, డబ్బు కావాలి. రెండోదానికి ఒక నోటుపుస్తకం చాలు.

ఎనిమిదో తరగతి నుంచి ఏటా జూన్‌లో ఆ పుస్తకంలో నాలుగైదు విషయాలు రాయించవచ్చు. పోయిన ఏడాది ఎవరూ చెప్పకుండానే నేను గంటలకొద్దీ చేసిన పని ఏది? నాకు కొరుకుడుపడని సబ్జెక్టు ఏది, అది ఏ తరగతిలో వదిలేశాను? మా ఊరికి పది మైళ్లలో నేను దగ్గరికెళ్లి చూసిన పని ఏది? ఇంట్లో నా చదువుకు ఏటా ఎంత పెట్టగలరు, అప్పు చేయకుండా? నేననుకున్నది కుదరకపోతే రెండో దారి ఏది, దానికి ఆఖరి తేదీ ఎప్పుడు? ఈ చివరి రెండు ప్రశ్నలకు పిల్లవాడు ఇంట్లో కూర్చుని మాట్లాడక తప్పదు, అసలు ఉపయోగం అదే. టీచరు మార్కులు వేయకూడదు, దిద్దకూడదు. కిందటేడు పోలీసాఫీసరు అని రాసినవాడు ఈ ఏడు బేకరీ పెడతానంటే నవ్వకూడదు. ఎందుకు మారిందో ఒక వాక్యం రాయమంటే చాలు. ఇంత పని మీద పడితే టీచర్లకు తీరికెక్కడిది అని అడుగుతారు, న్యాయమే. అందుకే దీన్ని ఏటా రెండు పీరియడ్లకు మించనీయకూడదు.

పనులు చూపించడానికి మనుషులు ఇక్కడే ఉన్నారు. బాపట్ల వ్యవసాయ కళాశాల చివరి ఏడాది విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవం పేరుతో ఎలాగూ పల్లెల్లో ఉంటారు. 2020–21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ పిల్లలందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుతో కలిపి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. తెనాలి, రేపల్లె డిగ్రీ కాలేజీల పిల్లలు ఆ ప్రాజెక్టును తాము చదివిన హైస్కూల్లోనే చేయవచ్చు: ఫీజు ఎంతైంది, రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొచ్చింది, ఎన్ని బ్యాక్‌లాగ్స్ మిగిలాయి, ఎక్కడ పొరపడ్డాం, అన్నీ దాపరికం లేకుండా చెప్పడం. వేదిక మీది వక్తకన్నా కొన్నేళ్లు పెద్దయిన అక్క మాట పిల్లలు నమ్ముతారు. దీనికి కొత్త జీవో అక్కర్లేదు. ఒక ప్రిన్సిపాల్, ఒక హెడ్మాస్టరు ఫోన్లో మాట్లాడుకుంటే చాలు.

ఇక అమ్మానాన్నలకు ఒక మనవి. ఫిబ్రవరిలో పీఆర్వో వచ్చి ఈరోజే అడ్వాన్సు కట్టమన్నప్పుడు పది రోజులు గడువు అడగండి. కన్సెషన్ ఎక్కడికీ పోదు, వాళ్లకూ సీట్లు నిండాలి. ఆ పది రోజుల్లో ఒక ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో వెంటబెట్టుకుని మీకు తెలిసిన నలుగురి దగ్గరికి వెళ్లండి, వాళ్లు చేసే పని చూపించండి, అక్కడ ప్రశ్నలు మీరు కాకుండా పిల్లల్నే అడగనివ్వండి. గ్రూపు పేరు ఆ తర్వాత వాళ్ల చేతే రాయించండి.